గోరింటాకు పెట్టని చెయ్యి

అరచేతి వేడితో ఫోన్లు చార్జయ్యే కాలమది. ఆషాఢమని ఇంటిల్లిపాదీ గోరింటాకు పెట్టుకున్నాక, చంద్రుడి మీద డ్యూటీలో ఉన్న మొగుడు ఫోన్ చేసేది ఈ పూటేనని సువర్చలకు గుర్తొచ్చింది. పుట్టిన కూతుర్ని అతనింకా చూడలేదు. ఫోనేమో ఆరిపోయేలా ఉంది. చేతులు కడుక్కున్నా లాభం లేకపోయింది. గోరింటాకు చలువకి ఏ చేతిలోనూ వేడి మిగల్లేదు.

"మీ మావయ్య బట్టతలకి ఆనించవే, ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది," అంది అత్తగారు.

ఆనిస్తే ఒక్క గీత పెరిగింది.

"పాపకి పెట్టలేదు కదత్తయ్యా!"

ఉయ్యాల్లో పిల్ల గుప్పిట్లో ఫోన్ పెట్టారు. క్షణంలో నిండిపోయింది. ఆపేసిన ఫ్యాను తిరిగింది. పక్కింటి మోటారు దానంతటదే నీళ్లు తోడింది. అందరూ నోళ్లు తెరిచి చూస్తుండగా తెర మీద తండ్రి ముఖం వెలిగింది.

"ఇక్కడ లైట్లన్నీ ఒక్కసారి పెరిగాయేంటే?"

"మీ అమ్మాయి ఫోన్ పట్టుకుందండీ."