బోరు అవతల ఒక్క అడుగు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి వినండి. సత్తెనపల్లి పక్కన, మొన్న మిరప కోతలప్పుడు జరిగిన సంగతి ఇది.

ఆ పొద్దున గురవమ్మ చేలో కూలీలు కాయ కోస్తున్నారు. ఆమె మాత్రం గట్టు మీద నిలబడి బెదురుగా దారికేసి చూస్తోంది.

పొలాలన్నీ మళ్లీ కొలుస్తున్నారు. ఆ రోజు ఆమె వంతు.

ఆమె భయానికి కారణం లేకపోలేదు.

భర్త బాపయ్య బతికుండగా సొంత చేలో మూడు బోర్లు వేయిస్తే మూడూ ఎండుబోర్లే. నాలుగోది, నీళ్లు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ నిలువుగా లేచిన చోట వేయించాడు. నీళ్లు పడ్డాయి. కానీ ఆ చోటు గట్టుకు తొమ్మిదడుగుల అవతల, పక్క చేలో ఉంది.

అప్పట్లో అది బీడు. అడిగే నాథుడు లేడు. బాపయ్య గట్టునే బోరు అవతలికి జరిపేశాడు.

తర్వాత బాపయ్య పోయాడు. పక్క చేను చేతులు మారింది. కొన్నవాడు ఎక్కడో దూరాన ఉంటాడట, కౌలుకిచ్చాడట. గురవమ్మ అతని ముఖం కూడా ఎరగదు.

ఇప్పుడు హద్దు గీత పాత చోటికి వెళ్తే బోరు పోతుంది. బోరు పోతే ఎకరంన్నర మిరప నిలువునా ఎండిపోతుంది. ఆమెకు వేరే ఆధారం లేదు.

సర్వే అమ్మాయి జ్యోతిర్మయి వచ్చింది. ఒక చేతిలో ట్యాబు, ఇంకో చేతిలో మనిషిని మించిన గడ. గడ కొసన, ఉపగ్రహంతో మాట్లాడుతుందనే పుట్టగొడుగు లాంటి టోపీ. ఆమె వెనకే గట్టు మీద ఒక ముసలాయన నడిచి వచ్చాడు. వేళ్లన్నీ నల్లగా మరకలు పట్టి ఉన్నాయి.

"పెద్దాయనా, కాస్త ఈ గడ పట్టుకోండి" అంది జ్యోతిర్మయి.

ఆయన పట్టుకున్నాడు. సర్వేవాళ్ల మనిషి కాబోలు, జీపు బాగుచేసే చేతులు కాబోలు అనుకుంది గురవమ్మ.

పిల్ల కలుపుగోలుది. తెర చూపించి అన్నీ చెప్పింది. పొలాలు ఒక పొర, దారులు ఒక పొర, బోర్లూ బావులూ ఇంకో పొర, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే ఊరవుతుందట. మూల మూలకీ ఒక చుక్క పెట్టి, చుక్కలు కలుపుకుంటూ మొదలెట్టిన చోటికే రావాలట. కలవకపోతే అది పొలం కాదు, ఉత్త గీతేనట.

"ఆ చుక్క ఎక్కడ పెట్టాలో నీ ఉపగ్రహం చెబుతుందా తల్లీ?" అడిగింది గురవమ్మ.

"గడ ఎక్కడుందో అది చెబుతుంది పెద్దమ్మా, రెండంగుళాలు అటూ ఇటూ కాకుండా. గడ ఎక్కడ పెట్టాలో మాత్రం మనుషులే చెప్పాలి. రెండు వైపుల ఆసాములూ ఒప్పుకుంటే అదే గీత. ఒకరు అడ్డం తిరిగితే పాత లెక్క ప్రకారం పోతాం."

అని ఎండకు గొడుగేసుకుని, ఇరవై అడుగుల దూరాన ట్యాబుతో కూర్చుంది.

ముసలాయన బోరు దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగాడు.

"తియ్యగా ఉన్నాయమ్మా. ఎంత లోతు?"

"మూడొందల అరవై." అంతటితో ఆగలేదు గురవమ్మ. మూడు ఎండుబోర్లూ, కొబ్బరికాయా, బాపయ్య పోవడం, అన్నీ చెప్పేసింది. గట్టు జరిపిన మాట ఒక్కటే మింగేసింది.

ఆయన విన్నాడు.

"మరి హద్దు ఎక్కడమ్మా?"

ఆమె బోరు అవతలికి చెయ్యి చాపింది. వెంటనే కొంగు కిందికి లాక్కుంది.

ఆమె చూపించిన చోటు ఆయన చూడలేదు. ఆ చేతిని చూశాడు. గడ తీసుకెళ్లి బోరు అవతల నిలబెట్టాడు.

"ఇక్కడేనా?"

గురవమ్మకు మనసు పీకింది. "అంత దూరం కాదులే. ఇంకాస్త ఇటు రానివ్వు."

ఆయన ఇటు రాలేదు. ఇంకో అడుగు అవతలికే వెళ్లి గడ గుచ్చాడు.

"రేపు మోటారు కాలితే పైపులు పైకి లాగాలి కదమ్మా. చుట్టూ మనిషి తిరిగే చోటుండొద్దూ?"

తర్వాత జ్యోతిర్మయికి చెయ్యి ఊపాడు. ట్యాబు కూత పెట్టింది. చుక్క పడింది.

ఊరుగాని ఊరివాడు, తన కోసం సర్కారుతో అబద్ధమాడాడని గురవమ్మ కడుపు నిండిపోయింది. నాలుగు మంచి ఎండుకాయలు కట్టిద్దామని కళ్లం వైపు నడిచింది. తాలు కాయ ఒక్కటి లేకుండా ఏరి మూట కట్టుకుని వచ్చేసరికి ఆయన లేడు.

"బస్సుకి టైమైందని వెళ్లిపోయారు" అంది జ్యోతిర్మయి.

గురవమ్మ గొంతు తగ్గించి అసలు భయం అడిగింది. "అవతలి ఆసామి రాలేదుగా తల్లీ, రేపొచ్చి గొడవ పెడితే?"

ఆ పిల్ల వింతగా చూసింది. మీకు తెలుసనుకున్నానే అంటూ తెర మీద పక్క పొలాన్ని వేలితో తాకింది. ఆ పొలం వివరాలన్నీ విచ్చుకున్నాయి, పేరు, సంతకం, అప్పుడే తీసిన ఫొటోతో సహా.

చదువు రాని గురవమ్మ ఫొటో చూసింది.

మూట పట్టుకునే రోడ్డు దాకా పరుగెత్తింది. బస్సు వెళ్లిపోయింది. దుమ్ము ఇంకా అణగలేదు.

ఈ సంగతి గుర్తుంచుకోండి నాయనా, రేపు మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆ పేరు మరిచిపోకుండా చెప్పండి: ఆ గడ పట్టుకున్నది సర్వేవాళ్ల మనిషి కాదు, వేటపాలెం జీడిపప్పు బట్టీలో ముప్పై ఏళ్లు వేళ్లు నల్లబడేలా గింజలు కాల్చి ఆ పక్క చేను కొనుక్కున్న ఆసామి, అల్లాబక్షు.