మెట్ల కింది ఫ్యూజు

“అయ్యో, పోయింది! మళ్ళీ పోయింది!”

దర్జీ ఆవిడ పెట్టిన కేకకి వీధిలో పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

ఇంక్యుబేటర్ మీద ఎర్రలైటు ఆరిపోయింది. లోపల వెచ్చగా ఉన్న కౌజు పిట్టల గుడ్లకి ఇక చలే.

ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, చేతిలో కత్తెర ఉన్న సంగతి కూడా మరిచిపోయి, ఆవిడ మెట్ల కిందికి పరుగెత్తింది.

ఫ్యూజు బోర్డు ముందు, పైగదిలో అద్దెకుండే మనిషి నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, రేగిన జుట్టు, వేళ్ళ మధ్య సన్నటి తీగముక్క.

అంతలోనే కరెంటు వచ్చేసింది.

“వచ్చిందమ్మా,” అన్నాడు.

“ఎందుకు రాదయ్యా? తీసేదీ నువ్వే, వేసేదీ నువ్వే! ఎప్పుడు పోయినా నాకంటే ముందు ఇక్కడ తయారు. పగలంతా తలుపేసుకుని పైన ఏం వాడుతున్నావు? హీటరా, కరెంటు పొయ్యా?”

“అది కాదమ్మా, మీ కేక వినే దిగొచ్చాను. మీ ఇస్త్రీ పెట్టె...”

“నా ఇస్త్రీ పెట్టె జోలికి రాకు! నాకు అన్నం పెట్టేది అదే.”

అతను ఆవులింత ఆపుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

తను ఇక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే ఆ మనిషికి ఆవులింతలు! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం పని నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

“ఏంటే, పిట్టలకంటే ముందు నువ్వే కూస్తున్నావట? వీధి చివర చెప్పుకుంటున్నారు.”

“నవ్వండి, నవ్వండి. సూదిలో దారం ఎక్కించడానికి ఎన్నాళ్ళు నా పక్కన కూర్చుంటారు?”

ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆవిడ కళ్ళు మసకబారుతున్నాయి. కుట్టుపని ఇక ఎక్కువ కాలం సాగదని ఇద్దరికీ తెలుసు. పిట్టల పెంపకమైతే కళ్ళతో అంత పని ఉండదని ఆవిడ ఆశ. అందుకే ఉన్నదంతా ఊడ్చి ఆ గుడ్లు పొదిగే పెట్టె కొనుక్కుంది.

మొదటిసారి కదా, ఏం చేసినా తప్పే అయ్యేది. ఒకరోజు గుడ్లు తిప్పడం మరిచిపోయింది. ఒకరోజు నీళ్ళగిన్నె ఎండిపోయింది. ఆత్రం పట్టలేక మూత తీసి చూడడం, తీసినందుకు తనని తానే తిట్టుకోవడం. అయినా ఒక గుడ్డును టార్చికి ఆనించి చూస్తే, ఎర్రటి నరాల మధ్య నల్లటి చుక్క కదిలింది. ఆ మసక కళ్ళకి కూడా కనబడింది.

ఇప్పుడు గుడ్లు వాటంతటవే ఊగుతున్నాయి. రేపో మాపో పిల్లలు బయటికొస్తాయి. ఇలాంటప్పుడే వేడి తగ్గకూడదు. ఇలాంటప్పుడే ఈ మనిషి దాపురించాడు!

ఆవిడ ఇల్లుగలావిడకి ఫోన్ చేసింది.

“పైగది అతన్ని ఖాళీ చేయించండమ్మగారూ. అతనుంటే నేనుండను.”

“ఏమైందమ్మా?”

“ఏం చెప్పమంటారు? పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను...”

అవతల ఇల్లుగలావిడ గొంతు మారింది. ఆ మాటకి ఇంకేదో అర్థం తీసుకుంది. ఆ సంగతి ఈవిడకీ తెలిసింది. తెలిసినా సరిదిద్దలేదు.

మర్నాడే పైగది మనిషి చాప చుట్టుకుని, సంచీ భుజాన వేసుకుని కిందికి దిగాడు.

“పిల్లలు బయటికొచ్చాక చూసి వెళ్దామనుకున్నానమ్మా.”

“చూడ్డానికి అవేమైనా నీ చుట్టాలా? ఇక బయల్దేరు.”

అతను జేబులోంచి చిన్న తీగచుట్ట తీసి గడప పక్కన పెట్టాడు. “ఉంచుకోండి, అవసరం పడుతుంది,” అని వెళ్ళిపోయాడు.

ఆవిడ దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది.

పీడ విరగడైంది. మధ్యాహ్నానికి ఒక గుడ్డు మీద సన్నటి పగులు కనబడింది. లోపలి నుంచి కిచమని పిలుపు! ఆవిడకి ఎక్కడలేని హుషారొచ్చింది. కుట్టి పెట్టిన స్కూలు యూనిఫారాల కట్ట ముందేసుకుని, పాట పాడుకుంటూ ఇస్త్రీ మొదలుపెట్టింది.

ఎర్రలైటు ఆరిపోయింది.

“పోయింది!” అని అరుస్తూ పరుగెత్తింది.

మెట్ల కింద ఎవరూ లేరు.

ఫ్యూజు ఊడదీసి చూస్తే తీగ కాలి తెగిపోయి ఉంది. గబగబా వెళ్ళి చెత్తబుట్టలోంచి ఆ తీగచుట్ట ఏరి తెచ్చుకుంది. చిన్న కన్నంలోంచి తీగ దూర్చాలి. దూర్చబోయిన ప్రతిసారీ పక్కకి జారిపోయింది. ఎలక్ట్రీషియన్ ఫోన్ ఎత్తలేదు. భర్త రావడానికి ఇంకా చాలా పొద్దుంది.

ఉన్న దుప్పట్లన్నీ పెట్టె మీద కప్పి, దాన్ని కావలించుకుని కూర్చుంది. లోపల కిచకిచలు సన్నగిల్లాయి. కాసేపటికి అవీ వినబడలేదు.

సాయంత్రం భర్త వచ్చి ఆ తీగతోనే ఫ్యూజు వేశాడు. ఎర్రలైటు వెలిగింది గానీ గుడ్లలో ఒక్కటీ కదల్లేదు.

పైగదికి తాళం వేసుకుందామని వచ్చిన ఇల్లుగలావిడ, ఏడుపు విని లోపలికొచ్చింది.

“చూడండమ్మగారూ! పైన హీటర్లు పెట్టి పెట్టి లైను పాడుచేసి పోయాడు మహానుభావుడు!” అంది దర్జీ ఆవిడ వెక్కుతూ.

ఇల్లుగలావిడ తెల్లబోయి చూసింది.

“హీటరేంటమ్మా? రాత్రంతా ఎక్కడో కాపలా కాసొచ్చి పగలు పడుకునేవాడికి లైటుతో పనేముందని, అసలు కరెంటే లేని ఆ గదిని తీసుకున్నాడతను.”