పోలినాయుడి చెయ్యి

లారీలు వాటంతటవే నడవడం మొదలయ్యాక పోలినాయుడికి డ్రైవరు సీటు పోయి, గాజువాక యార్డులో గాలి పైపులు తగిలించే పని మిగిలింది. లారీకీ ట్రైలరుకీ మధ్య దూరి, ఎర్ర పైపు ఎర్రదానికీ నీలం పైపు నీలందానికీ బిగించాలి. ట్రైలరు బ్రేకులకు గాలి అందేది వాటిలోంచే.

ఆరు నెలలుగా అతని కుడిచేతికి కంపెనీ ఇచ్చిన తొడుగు ఉంది. అతను చేసిందల్లా అది నేర్చుకుంది.

ఇవాళ ఆ పని, తొడుగు నేర్చుకున్నదాన్నిబట్టి కదిలే యంత్రపు ఇనుప చెయ్యి చేసింది. రబ్బరు వాషరు తుడిచింది. పైపులు బిగించి, గాలి కారుతోందేమోనని కాసేపు ఆగింది. తర్వాత పైకి లేచి, మనిషి తల ఉండేంత ఎత్తులో, రెండు కళ్ళూ ఉండే చోట గాలిని తాకింది.

"ఇదేంటి నాయుడుగారూ? అంత పైకి ఎందుకెత్తుతోంది?" అంది ఇంజనీరు హారిక.

లారీలు మనుషులే నడిపే రోజుల్లో, ఘాట్‌రోడ్డులో నీలం పైపు ఊడి, బ్రేకు పట్టక, లారీతో సహా లోయలో పడిపోయాడు అతని తమ్ముడు. ఆ పైపు బిగించింది పోలినాయుడే. ఆనాటి నుంచి బిగించిన ప్రతి పైపునూ ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నాడు.

"ఏటీ లేదమ్మా, అలవాటు."

"తీసేస్తున్నాను. లారీకి మూడు సెకన్లు కలిసొస్తాయి."

"తీసెయ్యమ్మా."

తర్వాతి లారీకి ఇనుప చెయ్యి పైపులు బిగించి, వెంటనే కిందికి దిగింది. లారీ ఘాట్‌వైపు కదిలింది. తొడుగు విప్పేసిన పోలినాయుడి చెయ్యి దానంతటదే కళ్ళదాకా లేచింది. అది చూసుకుని, చేతిని జేబులో పెట్టుకుని గేటువైపు నడిచాడు.