డేగ కూత

దుక్కి చేలో నాగలి వెనకే గోరింకల గుంపు పురుగులేరుకుంటోంది. అంతలో "కిక్కీ! కిక్కీ!" అని డేగ కూత వినబడింది. గోరింకలన్నీ నోటిదాకా వచ్చిన పురుగుల్ని వదిలేసి, గట్టు మీది తుమ్మచెట్టులోకి దూరిపోయాయి. రోజూ ఇదే తంతు. ఇంత జాగ్రత్తపడ్డా గుంపులో రోజుకొకటి తగ్గుతూనే ఉంది.

"నువ్వెప్పుడైనా డేగని చూశావా పెద్దమ్మా?" అని అడిగింది బుల్లిగోరింక.

"చూసినవాళ్ళు బతికుంటే కదే చెప్పడానికి!" అని కసిరింది పెద్దమ్మ.

బుల్లిగోరింకకి ఆ జవాబు మింగుడుపడలేదు. మర్నాడు కూత వినబడగానే అందరూ ఎగిరిపోయినా, తను మాత్రం ఓ మట్టిపెళ్ళ చాటున నక్కి చూసింది.

డేగ రాలేదు. కత్తెర తోక నల్లపిట్ట పోలిగాడు దిగి, గోరింకలు వదిలేసిన పురుగుల్ని తాపీగా తింటూ, మధ్యమధ్య డేగలా కూస్తున్నాడు.

"ఓరి నీ దుంప తెగ! ఇన్నాళ్ళూ కూసింది నువ్వా మావా? మరి అసలు డేగ ఎలా కూస్తుంది?"

"వేటకి కూర్చున్న డేగ కూయదే పిచ్చిదానా. నోరు మూసుకుని కాచుకుంటుంది."

"ఎక్కడ?"

పోలిగాడు పురుగు మింగి, ముక్కుతో తుమ్మచెట్టు వైపు చూపించాడు.

బుల్లిగోరింక "డేగ!" అని అరవబోయి ఆగింది. ఆ మాట వింటే వాళ్ళు ఇంకా లోపలికి దూరతారు. అందుకని గొంతు చించుకుని, "పురుగులే పురుగులు! రండర్రా!" అని కేకేసింది.

గుంపంతా బిలబిలా బయటికొచ్చింది. ఖాళీ అయిన తుమ్మకొమ్మ మీద డేగ ఒక్కటే మిగిలింది.

పెద్దమ్మ దాన్ని కళ్ళారా చూసింది. చెప్పడానికి బతికే ఉంది.