కొత్త చేంతాడు

ఉదయం ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితాల సంచి, భుజాన చుట్ట చుట్టిన కొత్త చేంతాడు.

"దేవుడితో మాటలయ్యాయా పెద్దక్కా? ఇక నా మాట కూడా విను."

మా పెరటి గోడ అవతలంతా ఊరుమ్మడి మేత భూమి. దాని చివరనున్న కంకర క్వారీని మా గోడ దాకా పెంచుతారట. బావుల్లో నీటిమట్టం కొలిచి, క్వారీకి నివేదిక రాసిచ్చింది మా తమ్ముడే. అభ్యంతరం లేదని చుట్టుపక్కల వాళ్లంతా సంతకాలు పెట్టేశారు. మిగిలింది నేనే.

"మన బావి సంగతేంట్రా?"

"నీళ్లు బారెడు కూడా దిగవక్కా. కొలిచినవాణ్ణి చెబుతున్నా. నా మీద నమ్మకం లేదా?"

"చంకనేసుకుని తిప్పినదాన్ని. నిన్ను కాక ఎవర్ని నమ్ముతానురా?"

సంతకం పెట్టాను. వాడు కాగితం మడిచి సంచిలో దాచుకున్నాడు.

"పాత తాడు పీచులు లేచి నీ చేతులు కోసుకుపోతున్నాయి," అంటూ కొత్తది నా ఒళ్లో పెట్టాడు. ఇంత గుర్తుపెట్టుకున్నాడే అని మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

గిలకకు ఎక్కిద్దామని బారలు కొలుస్తూ తాడు విప్పాను. నాన్న తవ్వించిన నాటి నుంచీ మా బావిలో నీళ్లందడానికి ఆరు బారలు చాలు. ఆరు అయ్యాయి. పది అయ్యాయి. పద్నాలుగు దగ్గర చివర దొరికింది.

"ఇంత పొడుగెందుకురా?"

"ఉండనీ అక్కా, పనికొస్తుంది," అన్నాడు వాడు, బావి వైపు చూడకుండా.