ఎటువైపు చుట్టం

పెద్దల్లుడి చేతిలోని కొవ్వొత్తిని వెనకనుంచి ఎవరో ఉఫ్‌మని ఊదేశారు.

"ఎవరయ్యా అది? అసలే కరెంటు పోయి మేం ఏడుస్తుంటే!"

"కోప్పడకండి. మీ రెండో చేతిలో పెట్రోలు డబ్బా ఉంది."

పెద్దల్లుడు తన చేతుల వంక చూసుకున్నాడు. డబ్బా గబుక్కున కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రం మరదలి పెళ్ళి విందు. ఇంటినిండా జనం. సరిగ్గా దీపాలు వెలిగించే వేళకి కరెంటు పోయింది. వంటింటి పక్క సామాన్ల గదిలో ఏడాదిగా మూలపడి ఉన్న చిన్న జనరేటరును పెద్దల్లుడు దుమ్ము దులిపి, రెక్కలు పడిపోయేలా తాడు లాగాడు. అది కాసేపు దగ్గుతూ నడిచి, గదినిండా పొగ కక్కి ఆగిపోయింది. పెట్రోలు చాలలేదేమోనని ఆ వేడి మీదే పోయబోతున్నాడు.

ఆయన అందించిన టార్చిలైటు వేసి చూశాడు. వచ్చినాయన చొక్కా నలిగిపోయి ఉంది, జుట్టు రేగిపోయి ఉంది. మగపెళ్ళివారి చుట్టం, ప్రయాణంలో అలిసిపోయాడు కాబోలు అనుకున్నాడు.

"మీరు...?"

"ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. అది తర్వాత. ముందు దీన్ని బయటికి మోద్దాం, అటు పట్టండి."

"ఇక్కడుంటే ఏమైంది? కిటికీ తీసే ఉందిగా."

"కిటికీ చాలదండీ. ఈ పొగలో వాసన తెలీని విషం ఉంటుంది. నిద్రొచ్చినట్టే ఉంటుంది, మళ్ళీ లేవం. ఆ పక్కగదిలో పిల్లలు పడుకుని ఉన్నారు."

పెద్దల్లుడు గబగబా అటు పట్టాడు.

పెరట్లో, కిటికీలకు బాగా దూరంగా దింపారు. పెట్రోలు డబ్బాకు మూత బిగించి, ఇంకో మూలన పెట్టించాడు ఆయన.

"చల్లారనిద్దాం. ఇందాక మైకులో పాడుతున్నదెవరు?"

"మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మ. మనవరాలి పెళ్ళిలో పాడాలని ఎన్నాళ్ళనుంచో ముచ్చట. పల్లవి ఎత్తుకుందో లేదో కరెంటు పోయింది. ఇప్పుడు అలిగి, గోడవైపు తిరిగి కూర్చుంది."

"మైకు లేకుండా పాడకూడదా?"

"పెద్ద జబ్బు చేసి ఈమధ్యే లేచింది. గొంతులో సత్తువ లేదు. మైకు లేకపోతే పక్కనున్నవాళ్ళకి కూడా వినబడదు."

"మైకుంటే మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది," అన్నాడాయన.

నిశ్శబ్దంగా ఉన్న వీధివైపు ఒకసారి చూశాడు. ఏదో ఆలోచించుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"స్పానరుందా?"

ముందు ప్లగ్గు వైరు పీకేశాడు. ట్యాంకులోని పాత పెట్రోలు ఒక డబ్బాలోకి దింపి మూత పెట్టాడు. కార్బురేటరు విప్పి చూపించాడు.

"ఏడాదిపాటు పెట్రోలు లోపలే వదిలేశారు. అది జిగురైపోయి దారి మూసేసింది."

సన్నటి తీగతో ఆ కన్నం శుభ్రం చేసి, ప్లగ్గుకు పట్టిన మసి తుడిచి, అన్నీ బిగించి, కొత్త పెట్రోలు పోశాడు.

"మీరు మెకానిక్కా అండీ?"

"అబ్బే. మా పనిచోట ఇలాంటిదే ఒకటుంది. దాన్ని పాడుచేసి పాడుచేసి ఈమాత్రం నేర్చుకున్నాను. మళ్ళీ మూలపెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు తాగి అదే ఆగిపోయేదాకా నడపండి. చల్లారాక ప్లగ్గు తీసి, ఆ కన్నంలో చెంచాడు ఇంజనాయిలు వేసి, తాడు నెమ్మదిగా ఒకటి రెండుసార్లు లాగి మళ్ళీ బిగించండి. తడి తగలనిచోట పెట్టండి. పొయ్యి దరిదాపుల్లో మాత్రం వద్దు."

"మా అత్తగారు కూడా పిల్లనిస్తూ ఇన్ని అప్పగింతలు పెట్టలేదండీ."

ఆయన పకపకా నవ్వి తాడు లాగాడు. రెండో లాగుకి ఇంజను గొంతు సవరించుకుని అందుకుంది. ఇల్లంతా భళ్ళున వెలిగింది. లోపల ఈలలు, చప్పట్లు.

"చప్పుడు కాస్త ఎక్కువే. చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారో," అన్నాడు పెద్దల్లుడు.

ఆయన చేతులు తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆగాడు.

"ఒక్కపూటేగా. ఏమీ అనరులెండి."

అమ్మమ్మ అలక మాని పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. సన్నటి గొంతు, అక్కడక్కడా వణికినా శ్రుతి తప్పలేదు. పెళ్ళికూతురు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని వింది. ఒకటి అయ్యాక ఇంకొకటి, అది అయ్యాక మరొకటి. వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా తాళం వేసినవాడు ఆ నలిగిన చొక్కా ఆయనే. పెళ్ళికొడుకు తండ్రి ఆయన్ని పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, వద్దంటున్నా వినకుండా కొసరి కొసరి వడ్డించాడు.

సందడిలో ఆయన ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు. చెప్పిపోదామని వచ్చిన మాటేమిటో ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మగపెళ్ళివారు బయలుదేరుతుంటే పెద్దల్లుడు పెళ్ళికొడుకు తండ్రి చేతులు పట్టుకున్నాడు.

"మీ చుట్టం లేకపోతే నిన్న మా కొంప అంటుకునేదండీ."

"మా చుట్టమా? మీ చుట్టమనుకునే కదా నేను అంత మర్యాద చేశాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు. ఆనవాళ్ళు చెప్పగానే ఎదురింటావిడ గుర్తుపట్టింది.

"ఆయనా? ఈమధ్యే మీ వెనకింట్లో దిగాడు. రొట్టెల బట్టీలో పని."

మిఠాయి పొట్లం పట్టుకుని పెద్దల్లుడు వెళ్ళి తలుపు కొట్టాడు. తలుపు తీసినావిడ పెదవుల మీద వేలు పెట్టింది.

"నెమ్మదిగా మాట్లాడండి అన్నయ్యగారూ, ఆయన పనినుంచి వచ్చి ఇప్పుడే పడుకున్నారు. తెల్లారకముందే బట్టీ రాజేయాలని రోజూ చీకటి పడకుండానే నిద్రపోతారు. నిన్న మీ మైకు హోరుకి కన్ను మూతపడక, ఆ పాటలు ఆపించి వస్తానని మీ ఇంటికొచ్చిన మనిషి, అవే పాటలు పాడుకుంటూ తిరిగొచ్చి, కునుకైనా తీయకుండా పనికెళ్ళిపోయారు."