మూడు దారులు, ఒంటిచక్రం బండి

"చక్రముంది కదప్పా! ఇది నడిచేటోళ్ల దారి. చక్రమున్నదేదీ వదిలేది లేదు" అన్నాడు అల్లాబకాష్, గేటుకు అడ్డంగా చెయ్యి చాపి.

మల్లేశం తోపుడుబండి నిండా తడి కాంక్రీటు. సౌదీలోని యాన్బు ఎండ అప్పుడే నెత్తిమీద కూర్చుంది. పార్కు లోపల ఒక బోర్డు నాటాలి, అదీ మాలు గట్టిపడకముందే. పొద్దున ఒక బండెడు మాలు ఇదే గేటు దగ్గర, ఇదే వాదనలో రాయైపోయింది. ఇదీ పాడైతే సెలవు మీద ఆశ వదులుకోమని ఫోర్‌మన్ తెగేసి చెప్పాడు. జగిత్యాలలో భార్య ముత్యవ్వేమో ఆయన వస్తేనే తన కంటికి ఆపరేషనని మొండికేసి కూర్చుంది.

"భాయ్, నేను నడుసుకుంటనే పోతున్న గద! బండెక్కిన్నా?"

"చక్రం చక్రమే. సైకిళ్ల దారిన పో."

మల్లేశం పక్క గేటుకు తోశాడు. అల్లాబకాషూ వెంటే వచ్చాడు. మూడు గేట్లకూ కాపలా ఆయనే మరి!

"ఈడ నడిచేటోళ్లు పోకూడదు."

"గిప్పుడే గద పొమ్మన్నవ్!"

"బండిని పొమ్మన్నా. నిన్ను కాదు."

మల్లేశానికి ఒళ్లు మండిపోయింది. విసురుగా మూడో గేటుకు తిప్పాడు. అది గుర్రాల దారి.

"గుర్రముండాదా?" అల్లాబకాష్ నిజంగానే అడిగాడు.

"పొద్దటిసంది గుర్రం లెక్క గుంజుతున్న, అవుపడ్తలేదా?"

పారతో కెలికి చూశాడు. మాలు అంచుల్లో అప్పుడే బిగుస్తోంది. మల్లేశం పార వదిలి చేతులు జోడించాడు. "నీ బాంచెన్ భాయ్, ముత్యవ్వకు ఏం జెప్పాలె నేను?"

అల్లాబకాష్ మనసు చివుక్కుమంది. "నేనేం చేసేదప్పా? బోర్డు మీద యేముంటే అదే రూలు. మొన్న ఒకాయన్ని వదిల్నందుకు మేనేజరు నన్ను తిట్టిన తిట్టు తిట్టలేదు. ఇంతకీ నువ్వు నాటే బోర్డేంది?"

మల్లేశం బండికి కట్టిన బోర్డు మీది ప్లాస్టిక్ చించాడు. ఆయనకు అరబీ రాదు, ఇంగ్లీషూ రాదు. అల్లాబకాష్ పెదాలు కదుపుతూ చదివాడు. మొహం విప్పారింది.

"మరమ్మతు పనోళ్లు బండ్లతో ఏ దారినైనా పోవచ్చంట! ఎంత మంచి మాట రాసినారప్పా!"

"ఇంకేంది, తియ్యి గేటు!" మల్లేశం సంబరంగా బండెత్తాడు.

అల్లాబకాష్ చెయ్యి మళ్లీ అడ్డం పడింది.

"తీస్తాలే. ముందు పోయి ఇది నాటేసి రా."